ఎదుటివాళ్ల కంచం చూడని మేడమ్

మేడమ్ పోయారన్న కబురు చెవిన పడగానే నేను చేసిన మొదటి పని, చేతిలో ఉన్న మిరపకాయ బజ్జీల పొట్లాన్ని పమిట చాటున దాచుకోవడం. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆవిడ గురించి రాయడానికి కూర్చుని ఆ ఒక్క ముక్కా వదిలేస్తే తక్కినదంతా అబద్ధంలా ఉంటుంది.

రాజమండ్రి బస్టాండులో, తుని బస్సులు ఆగే వైపు, గోడకేసి తిరిగి నిలబడి తింటున్నాను. బయట ఏం తిన్నా అలాగే తింటాను. వెనకనుంచి ఎవరో "అమ్మాయిగారూ" అని పిలిచారు. చూస్తే మా కాలేజీ జువాలజీ డిపార్ట్‌మెంటులో అటెండరుగా పనిచేసి రిటైరైన ఆయన. కూతురింటికి వచ్చాడట. కుశలం అడక్కుండానే చెప్పేశాడు. "మన మేడమ్‌గారు పోయేరండి. గుండెపోటు. చెల్లెలుగారింటికి రామచంద్రపురం తీసుకెళ్లిపోయేరు. వచ్చే ఆదివారం పెద్దకర్మ. మీకు కబురందిందో లేదో అనుకుంటున్నానండి."

నోట్లో ముక్క మింగనూలేను, ఉమ్మనూలేను. కళ్లనిండా నీళ్లు తిరిగాయి. పాపం ఆయన మిరపకాయ ఘాటనుకున్నట్టున్నాడు, మంచినీళ్లు తెమ్మంటారా అని అడిగాడు. తల అడ్డంగా ఊపాను. బజ్జీల నూనె జాకెట్టుకి అంటుకుని, బస్సెక్కి కూర్చున్నాక చూసుకుంటే అరచేతంత మరక. నాకు చదువు చెప్పిన మనిషి పోయిందని తెలిసిన క్షణంలో నాకు తట్టింది, ఈయన నేను తినడం చూశాడా అని. అదీ నా బతుకు.

నేను లావు మనిషిని. ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. కొంచెం ఒళ్లు చేసిందండీ అని మర్యాదకు అంటారే, ఆ లావు కాదు. రిక్షావాడు ముందు నన్ను చూసి, తరవాత తన టైర్ల వంక చూసుకునే లావు. మా నాన్న తునిలో బెల్లం వ్యాపారి. నాన్న సన్నం, అమ్మ సన్నం, అన్నయ్యలు చీపురు పుల్లలు. పదేళ్లు వచ్చేసరికే నేను ఇంటిల్లిపాదికీ ఒక అనుమానం. ఎవరికీ లేని ఒళ్లు దీనికెక్కడిది? వెనకవైపు గోదాములో బెల్లం దిమ్మలు బారులు తీరి ఉంటాయి కదా, ఇంక వెతకాల్సిన పనేముంది. మా నాన్నమ్మ నా చేతులు వాసన చూసేది. బెల్లం కొట్టువాళ్ల పిల్ల చేతులు బెల్లం వాసన కాక మల్లెపూల వాసన వస్తాయా! రాత్రిళ్లు నాకు అన్నం మానిపించి మజ్జిగ గ్లాసు ఇచ్చేవారు. పొద్దున్నే పరగడుపున ఉలవకట్టు. తాగితే కొవ్వు కరుగుతుందని ఎవరో చెప్పారు. నాకు కరిగింది కొవ్వు కాదు, నోరు. ఎదురు మాట్లాడే శక్తి కూడా ఉండేది కాదు.

నిజానికి నేనెప్పుడూ బెల్లం దొంగిలించలేదు. ఆకలేసేది, అంతే. ఆ ఆకలే దొంగతనంలా ఉండేది.

తునిలోనే కాలేజీలో చేరాక మేడమ్‌ని చూశాను. అప్పట్లో ఊళ్లో ఆవిణ్ణి అందరూ ఎలకల మేడమ్ అనేవారు. పొడుగ్గా, రివటలా ఉండేది. గంజిపెట్టిన నూలు చీర, మోచేతుల దాకా జాకెట్టు, ఎప్పుడూ ఆవిడ చుట్టూ కాస్త ఊక వాసన. పెళ్లి చేసుకోలేదు. ల్యాబు వెనక పాత సామాన్ల గది ఖాళీ చేయించి, అందులో చెక్కపెట్టెల్లో తెల్లెలకల్ని, నల్లెలకల్ని పెంచేది. ఎమ్మెస్సీ చదివిన చోటినుంచి మొదటి జతల్ని మెయిలు రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చిందట. టికెట్ కలెక్టరు పెట్టెలో ఏమిటని అడిగితే "విద్యార్థులండీ, హాఫ్ టికెట్ కూడా అవసరం లేదు" అందట. వినాయక చవితి వస్తే మగపిల్లలు డిపార్ట్‌మెంటు తలుపుకి పత్రి కట్టి, స్వామివారి వాహనాలకు నైవేద్యం అని ఉండ్రాళ్లు పెట్టి పోయేవారు. ఆవిడ ఆ ఉండ్రాళ్లు నిజంగానే ఎలకలకు పెట్టేసేది. "భక్తులు పెట్టింది కాదంటే పాపం కదా" అనేది.

ఆవిడకి ఒక అలవాటుండేది. ఎవరైనా తినడం మొదలుపెడితే చాలు, తల పక్కకి తిప్పేసుకునేది. స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బాలు తీయగానే లేచి కిటికీ దగ్గరికి పోయి నిలబడేది. ఒకసారి మా బ్యాచ్‌నంతా రాజమండ్రి నుంచి లాంచీలో పట్టిసీమ తీసుకెళ్లింది. ఇసకలో వరసగా కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుతుంటే, అందరికీ అందాయా లేదా అని చూసుకుని, తానొక్కతే అటు తిరిగి గోదారి వంక చూస్తూ కూర్చుంది. ఎంతసేపటికీ ఇటు తిరగలేదు. మడి కాబోలని ఒకరు, గర్వం అని ఒకరు. నాకు మాత్రం హాయిగా ఉండేది. నా పొట్లం వంక చూడని మనిషి లోకంలో ఒక్కరైనా ఉన్నారని. అయినా ఆవేళ నేను తినలేదు. ఇంటిదగ్గర తినొచ్చానని చెప్పి, పొట్లం పక్కనున్న పిల్లకి ఇచ్చేశాను. తిరిగి వచ్చేటప్పుడు లాంచీలో కడుపులో పేగులు అరుస్తుంటే ఇంజను చప్పుడుకి వినబడదులే అనుకున్నాను.

రెండో ఏడులో జరిగింది అసలు సంగతి.

నాకు ఏడాది నిండకుండానే పెద్ద జబ్బు చేసిందట. ఎముకలకి చర్మం అంటుకుపోతే, పిల్ల బతికి బట్టకడితే అన్నవరం సత్యనారాయణస్వామికి నిలువెత్తు బెల్లం తూచి ఇస్తామని నాన్నమ్మ మొక్కింది. ఆ పసికందు ఎత్తు బెల్లమంటే ఒక బుట్ట. తరవాత తీరుద్దాం, తరవాత తీరుద్దాం అంటూ మరచిపోయారు. నేను డిగ్రీ రెండో ఏట ఉండగా నాన్నకి వ్యాపారంలో దెబ్బ తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది, మొక్కు బాకీ ఉండిపోయిందని. నేను రానన్నాను. ఏడ్చాను. దేవుడి దగ్గర సిగ్గేమిటే అంది అమ్మ. దేవుడి దగ్గర ఎవరికీ సిగ్గుండదు. సిగ్గంతా దేవుడికీ మనకీ మధ్య క్యూలో నిలబడ్డ జనం దగ్గర.

మా నాన్న సంగతి చెప్పాలి. బెల్లం దిమ్మని చూసి చేత్తో ముట్టుకోకుండా బరువు చెప్పేవాడు. అనకాపల్లి నుంచి బండ్లు వస్తే బెల్లం వండే పాకందార్లు కాటాకన్నా ఆయన కంటినే నమ్మేవారు. ఆవేళ కూడా నా బరువు ఎంతో ఎవరినీ అడగలేదు, నన్ను కాటా ఎక్కమనలేదు. గుమ్మంలో నిలబడి నా వంక ఒక్క చూపు చూసి, తన అంచనాకొద్దీ దిమ్మలు బండికెక్కించాడు. పైన శకునానికి ఇంకో దిమ్మ.

కొండమీద త్రాసులో ఒక తట్టలో నన్ను కూర్చోబెట్టారు. రెండో తట్టలో దిమ్మలు పేర్చారు. అన్నీ అయిపోయాయి. నా తట్ట నేలకే అంటుకుని ఉంది. కదల్లేదు. నాన్న ఖాళీ గోనెల వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్లీ గోనెల వంక చూశాడు. జన్మలో ఆయన కన్ను తప్పడం అదే మొదలు. బెల్లం వ్యాపారి కూతురు తులాభారానికి బెల్లం చాలకపోవడం! పెద్దన్నయ్య కొండ దిగి కొట్లలో కొనుక్కొచ్చేదాకా నన్ను ఆ తట్టలోంచి దిగనివ్వలేదు. మధ్యలో దిగితే మొక్కు చెడుతుందట. జనం ఆగి చూస్తున్నారు. ఒకావిడ తన మనవరాలిని ఎత్తుకుని చూపించింది. ఎవరో నవ్వారు. నేను కళ్లు మూసుకుని, తేలికైపోవాలి తేలికైపోవాలి అని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఊపిరి బిగబడితే బరువు తగ్గదని సైన్సు చదివే నాకు తెలీదా? తెలుసు. అయినా బిగబట్టాను.

తరవాత చాలారోజులు కాలేజీకి పోలేదు. పై గదిలోంచి కిందికే దిగలేదు.

ఒక మధ్యాహ్నం కొట్లో మేడమ్ గొంతు వినిపించింది. మెట్లమీదికొచ్చి తొంగి చూశాను. ఒళ్లో చెక్కపెట్టె పెట్టుకుని నాన్న ఎదురుగా బల్లమీద కూర్చుని ఉంది. నా గురించి ఒక్క మాట కూడా అడగలేదు. కాలేజీ త్రాసు పాడైందనీ, పసుపూ ఇంగువా తూచే చిన్న త్రాసు మీ కొట్లో ఉందన్నారనీ, రెండు ఎలకల్ని తూచిపెట్టాలనీ అడిగింది. నాన్న మర్యాదస్తుడు. కాలేజీ మేడమ్ అడిగితే పులిని తూచమన్నా తూచేవాడు. గుమాస్తాలు చుట్టూ మూగారు.

ముందు ఒక నల్లెలకని డబ్బాలో పెట్టి తూచింది. సన్నటిది, చురుగ్గా అటూ ఇటూ తిరుగుతోంది. తరవాత రెండోదాన్ని తీసింది. నిమ్మకాయంత మొదటిది ఎక్కడ, బత్తాయంత ఇది ఎక్కడ. కాళ్లు కనబడటం లేదు. తీసి పెట్టిన చోట అలాగే కూర్చుంది. గుమాస్తాలు గొల్లున నవ్వారు. నా చెవులు మండిపోయాయి. ఇంతకాలం నా కంచం వంక చూడని మనిషి ఇవాళ నన్ను ఇలా నడిబజార్లో పెట్టింది అనుకున్నాను.

నాన్న త్రాసు దించి, కుతూహలం ఆపుకోలేక అడిగాడు. "దీనికేం పెడుతున్నారమ్మా?"

"రెండూ ఒక కాన్పులో పుట్టిన అన్నదమ్ములండి" అంది మేడమ్. "రెంటికీ తూచి ఒకటే మేత పెడుతున్నాం. సన్నదానికి పెట్టినదానికన్నా దీనికి ఒక్క గింజ ఎక్కువ వెయ్యలేదు."

"మరి తల్లి లావా?"

"తల్లీ సన్నమే, తండ్రీ సన్నమేనండి. వాళ్లిద్దరి దగ్గరా ఇది దాక్కుని ఉంది, వాళ్లకే తెలీదు. ఇద్దరి దగ్గరినుంచీ వచ్చి దీనిలో కలిసింది. దొంగతిండి కాదండి, దీనికి వచ్చిన ఆస్తి అది."

గుమాస్తాల నవ్వు ఆగిపోయింది. నాన్న త్రాసులో రాళ్లు ఒక్కొక్కటే తీసి పెట్టెలో సర్దాడు. చాలాసేపు సర్దాడు. తరవాత మెట్లవైపు చూడకుండానే, "అమ్మాయి రేపట్నుంచి వస్తుందండి" అన్నాడు.

ఇక్కడితో అంతా మారిపోయిందని రాస్తే మీరు నమ్మకండి. నాన్నమ్మ, మనుషులకీ ఎలకలకీ పోలికేంటి, ఆ మేడమ్‌కి మతిపోయిందా అంది. ఉలవకట్టు ఆగలేదు. నాన్న మాత్రం ఆ తరవాత నేను భోజనానికి కూర్చుంటే కొట్లోకి వెళ్లిపోయేవాడు. ఆయనకి నా ముందు సిగ్గు. నాకు ఆయన ముందు సిగ్గు. ఒకే ఇంట్లో ఇద్దరం తప్పుకు తిరిగేవాళ్లం.

మేడమ్ నన్ను ఎలకల గదిలో పనికి పెట్టుకుంది. ఊక మార్చడం, మేత తూచడం, ఏ కాన్పులో ఎవరు పుట్టారో చూసుకోవడం. ఒక డబ్బాలో పెసలూ మినుములూ సమానంగా కలిపి పోసి ఇది తల్లి అంది, ఇంకో డబ్బాలో అలాగే పోసి ఇది తండ్రి అంది. కళ్లు మూసుకుని దానిలోంచి ఒకటి దీనిలోంచి ఒకటి తీయమనేది. రెండూ మినుములే వస్తే లావెలక. ఇంచుమించు నాలుగింట ఒకటి. నేను తీసి తీసి, మినుము మినుము వచ్చినప్పుడల్లా ఉలిక్కిపడేదాన్ని. "ఎందుకు భయపడతావు? గింజ తీసిన చేతి తప్పా, గింజ తప్పా?" అనేది. మళ్లీ తానే అనేది, మనుషుల్లో ఇంత సులువుగా తేలదు అమ్మాయ్, ఎన్ని గింజలు కలిస్తే మనిషో ఇంకా ఎవరికీ తెలీదు, ఎలకని చూసి నిన్ను చెప్పేస్తున్నాననుకోకు అని. ఆ మాట నాకు నచ్చేది. ఓదార్చడం కోసం లెక్క మార్చే మనిషి కాదు.

ఆ లావెలకలకి పాపం చలంటే భయం. డిసెంబరులో గడ్డకట్టుకుపోయినట్టు అయిపోయేవి, మేమే గుడ్డపీలికలు వేసేవాళ్లం. పిల్లలు పుట్టేవి కావు వాటికి. ఎంత తిన్నా ఆకలి తీరేది కాదు. విదేశాల్లో ఎక్కడో ఇలాంటి లావెలకనీ మామూలు ఎలకనీ పక్కపక్కన కలిపి కుట్టి, ఒకదాని రక్తం ఇంకోదాన్లోకి పారేట్టు చేస్తే, లావుది మేత తగ్గించి సన్నబడిందట. కడుపు నిండింది చాలు అనే కబురేదో రక్తంలో తిరుగుతుందనీ, దీనికి ఆ కబురు పుట్టదనీ చెప్పేది మేడమ్. "ఆ కబురేంటో ఇంకా ఎవరికీ దొరకలేదు. దొరికేదాకా దాన్ని తిట్టకుండా ఉంటే చాలు" అనేది.

ఒకసారి ఒక లావెలకకి మేత బాగా తగ్గించి, చివరికి దాని తమ్ముడితో సమానమైన బరువుకి తెచ్చాం. త్రాసులో రెండూ సరిసమానంగా తూగితే నేను చప్పట్లు కొట్టాను. నా మనసులో ఏముందో మీకు తెలుసు. అంటే కుదురుతుందన్నమాట, ఇంకొంచెం కడుపు మాడ్చుకుంటే నేనూ తూగుతానన్నమాట! మేడమ్ రెంటినీ కోసి చూపించింది. తమ్ముడి ఒంట్లో కండ ఉంది. దీని ఒంట్లో కొవ్వు ఎక్కడిదక్కడే ఉంది. పోయిందంతా కండే. తొడల్లో కండ లేదు, ఎముకలు సన్నబడ్డాయి. బరువు మాత్రం సమానం.

"తూకం బరువు చెబుతుంది అమ్మాయ్, కారణం చెప్పదు" అంది. తరవాత కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, "నేను చదువుకునేటప్పుడు మొదటిసారి ఇది చూసినరోజు అన్నం తినలేకపోయాను" అంది. కోసినందుకు జాలిపడిందనుకున్నాను. ఆ వయసులో అంతకన్నా ఏం అర్థమవుతుంది.

చదువైపోయి, రాజమండ్రిలో హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. తుని వెళ్లినప్పుడల్లా మేడమ్ ఇంటికి పోయేదాన్ని. రెండు గదుల వాటా. వెళ్లిన ప్రతిసారీ వంట చేసేది. నేను ప్రతిసారీ తినొచ్చానండీ అనేదాన్ని. ఆవిడకి తెలుసు అబద్ధమని. "ఎప్పుడైనా ఒక్కసారి ఆకలేస్తోందండీ అంటావేమోనని చూస్తున్నాను" అందొకసారి. నేను నవ్వేసి ఊరుకున్నాను. క్లాసులో పిల్లలకి ఇవే పెసలూ మినుములూ పెట్టి పాఠం చెప్పేదాన్ని, గింజ తప్పు కాదర్రా అని. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే డబ్బా పట్టుకుని స్టోరు రూములోకి పోయి తలుపేసుకుని తినేదాన్ని. అన్నీ తెలుసు. తెలియడం వేరు, సిగ్గు పోవడం వేరు.

పెద్దకర్మకి రామచంద్రపురం వెళ్లాను. వెళ్లి, ఫొటోకి దణ్ణం పెట్టుకుని, భోజనాల వేళకి ముందే బస్సుందని చెప్పి బయటపడాలని ఉద్దేశం. మేడమ్ చెల్లెల్ని అంతకుముందెప్పుడూ చూడలేదు. హాలు చివర వంటింటి తలుపు పక్కన పీటమీద కూర్చుని ఉందావిడ. చూడగానే ఆగిపోయాను. నాకన్నా లావు. ఆ రివటలాంటి మనిషికి తోడబుట్టిన చెల్లెలు.

ఆవిడే నన్ను గుర్తుపట్టింది. "నువ్వేనా బెల్లం కొట్టువారమ్మాయివి? రా, ఇలా కూర్చో" అంది. నేను పక్కన చాపమీద కూర్చున్నాను. బస్సు మాట ఎత్తేలోపే, నా వంక కాసేపు చూసి, నెమ్మదిగా చెప్పుకుపోయింది.

వాళ్లమ్మ చిన్నప్పుడే పోయిందట. ఇంటి పెత్తనమంతా అక్కదే. తండ్రీ సన్నం, పోయిన తల్లీ సన్నం, ఈవిడొక్కతే ఇలా. ఊళ్లోవాళ్లు, తల్లిలేని పిల్లకి తిండి మీద అదుపు లేకుండా పోయిందని అక్కనే అనేవారట. అప్పుడు అక్క వంటింటి అలమరాకి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. కంచం ఎదురుగా కూర్చుని ముద్దలు చూసేది. చాలు అంటే చాలు. చెల్లెలు బడిలో కళ్లు తిరిగి పడిపోతే, వేషాలేస్తోందని ఇంకో ముద్ద తగ్గించింది. ఏళ్ల తరబడి అంతే. నడవాలన్నా కాళ్లలో బలం ఉండేది కాదట.

"తరవాత పెద్దచదువుకి వెళ్లింది" అంది చెల్లెలు. "సెలవలకి వస్తూనే, చీరైనా మార్చుకోకుండా నాన్నకిచ్చి వెళ్లిన తాళంచెవి తీసుకుని నా చేతిలో పెట్టింది. ఎందుకే అక్కా అంటే చెప్పదు. కండ పోయిందే, కండ పోయిందే అని నా చెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపు. నాకేం అర్థమవుతుందమ్మా?"

నాకు అర్థమైంది. తొడల్లో కండ లేని ఆ ఎలక కళ్లకి కట్టింది. బల్లమీద పెట్టిన కళ్లజోడు గుర్తొచ్చింది. పట్టిసీమ ఇసకలో అటు తిరిగి కూర్చున్న వీపు గుర్తొచ్చింది. మడీ కాదు, గర్వమూ కాదు. ఒకరి కంచం వంక చూసిన కళ్లని ఆవిడ జీవితమంతా దండించుకుంది. నా సిగ్గే పెద్దదనుకుంటూ ఇన్నేళ్లు ఆవిడ ఎదురుగా తిరిగాను. ఒక ముద్ద తిని ఉంటే ఆవిడకి ఎంత ఊరటగా ఉండేదో అప్పుడు తెలిసింది. తలెత్తలేకపోయాను.

"అప్పట్నుంచీ నాకు వడ్డించి తల తిప్పేసుకునేది" అంది ఆవిడ. "కోపం ఎప్పుడో పోయిందే అక్కా, ఒక్కసారి ఇటు తిరిగి నేను తింటుంటే చూడవే అని ఎన్నిసార్లు అడిగానో. చూడలేకపోయేది. ఆ ఒక్కటీ తీరకుండానే పోయింది."

ఇంతలో విస్తళ్లు వేస్తున్నారని పిలిచారు. నేను అలవాటుకొద్దీ నోరు తెరిచాను, తినొచ్చానండీ అనడానికి. మేడమ్ చెల్లెలు నా వంకే చూస్తోంది. 

"ఆకలేస్తోందండి" అన్నాను.

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఆవిడ నా భుజం పట్టుకుని లేచింది. హాల్లో రెండు వరసలు ఎదురుబొదురుగా వేశారు. చుట్టాలు చూశారు, జరిగారు. మా ఇద్దరికీ కాస్త ఎక్కువ చోటు కావాలి మరి. నాకు చెవులు మండాయి. మండనీ అనుకుని కూర్చున్నాను. ఆవిడ నా ఎదుటి వరసలో, సరిగ్గా నాకు ఎదురుగా కూర్చుంది. అన్నం, పప్పు, నెయ్యి, గారెలు.  మొదటి ముద్ద కలిపి తలెత్తితే ఆవిడ నన్నే చూస్తోంది. నేను తిన్నాను. తరవాత ఆవిడ ముద్ద ఎత్తింది. నేను తల తిప్పుకోలేదు, ఆవిడ నోట్లోకి వెళ్లేదాకా చూశాను. ఆవిడ కళ్లు తుడుచుకుని ఇంకో ముద్ద కలుపుకుంది.

గారెల బుట్ట పట్టుకుని కుర్రాడు నా దగ్గర ఆగి, వెయ్యనా వద్దా అన్నట్టు చూశాడు. వెయ్యమన్నాను. రెండోది కూడా వెయ్యమన్నాను. వరసల చివర, గోడకి ఆనించిన కుర్చీలో దండ వేసిన మేడమ్ ఫొటో ఉంది. పటం తెచ్చినవాడు ఆవిడ అలవాటు తెలీక మా విస్తళ్లకేసి తిప్పి పెట్టాడు. నేను తింటూ అటు చూశాను. మేడమ్ సూటిగా మా ఇద్దరి వంకే చూస్తోంది.